సెట్టు వెనక పిల్ల తీగ

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ల కోసం, కొత్తగా ఇవాళే చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. ఆడవాళ్లకి కారు నేర్పే క్లచ్ అక్క పదకొండేళ్లు ఒక డ్రైవింగ్ స్కూల్లో జీతానికి చేసింది. ఇక ఒకరి కింద చెయ్యలేనని, బావగారు వాడి వదిలేసిన కారు కొనుక్కుని, పక్కసీటు కింద రెండో బ్రేకు పెట్టించుకుని సొంతంగా మొదలుపెట్టింది. బావగారంటే ఆమె భర్తకి అన్న. స్కూలు లైసెన్సు కావాలంటే కారొక్కటే చాలదు, నేర్పడానికి ప్రహరీ ఉన్న ఖాళీ స్థలం చూపించాలి. శనివారంలోగా ఆ స్థలం కాగితం ఆఫీసులో పెట్టకపోతే దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది, అక్క మళ్లీ పాత యజమాని గుమ్మం ఎక్కాల్సి వస్తుంది. ఆ పాత యజమానినే ఊరంతా ప్రిన్సిపాల్ అంటారు. ఆమె మూడు స్థలాలు చూసింది. మూడింటినీ, ఆమె చూసొచ్చిన మర్నాడే, ప్రిన్సిపాల్ లీజుకి రాయించేసుకున్నాడు.

ఒకసారైతే కాకతాళీయం. రెండోసారి ఖర్మ. మూడోసారి కూడా అయితే ఎవరో చెబుతున్నారని అర్థం.

"చెబుతున్నది మీ అన్నయ్యే" అని రాత్రి ఆమె భర్తతో అంది. ఆయన తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. పొద్దున చూస్తే కారు స్టార్టు కాలేదు. నెలరోజుల నుంచి అదే వరస. కారులో పాటల సెట్టు నడుస్తూ నడుస్తూ ఆరిపోతుంది, గతుకు వస్తే మళ్లీ వెలుగుతుంది, తెల్లారేసరికి బ్యాటరీ పీల్చి పిప్పి చేస్తుంది. పక్కింటివాళ్ల చేత తోయించుకుని, ఉదయం పాఠాలు రెండూ మానుకుని, క్లచ్ అక్క తిన్నగా స్పీకర్ మామ షెడ్డుకి వచ్చింది.

ఇక ఈ వారం సంగతి.

స్పీకర్ మామ షెడ్డు ఇనుప సామాన్ల వీధి వెనక సందులో, చిట్టచివర ఉంటుంది. ఒక కారు లోపల పడితే రెండో కారు గుమ్మంలో నిలబడాలి. గోడకి అడుగు నుంచి కప్పు దాకా చెక్క అరలు, అరల్లో పాత సెట్లు, వాటి వెనక తోకల్లా వేలాడే తీగలు. కార్ల కంపెనీ నుంచి వచ్చిన సెట్టు పాడైందంటే షోరూమువాళ్లు "కొత్తది వెయ్యాల్సిందే" అంటారు. మామ మాత్రం "ముందు దాని కడుపులో ఏముందో చూద్దాం" అంటాడు. అందుకే ఊళ్లో సగం సెట్లు ఆయన అరల్లోనే ఉంటాయి.

ఆ అరల్లో మూడు సెట్ల మీద ఒకే రకం పసుపు చీటీ కనబడింది అక్కకి. చీటీ మీద ప్రిన్సిపాల్ స్కూలు పేరు.

"మామా, ఈ మూడూ వాళ్లవేనా?"

"అవునమ్మాయ్. పది కార్లున్నాయి కదా వాళ్లకి. నెలకొకటి మూగదవుతుంది."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"డాక్టరు దగ్గరికి సవతులిద్దరూ వస్తారు. పెద్దామెకి జ్వరమని చిన్నామెకి చెబుతాడా?" మామ పలకలాంటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి తీసి, డాష్‌బోర్డు మీద సెట్టు చుట్టూ ఉన్న చట్రాన్ని మెల్లగా పైకి లేపాడు. "నువ్వు కూర్చో. లేకపోతే నా నెత్తిన నిలబడకుండా ఆ వెలుతురు వైపుకి జరుగు."

అక్క కూర్చోలేదు. మామూలుగా అయితే ఆమెకి మామ మీద అనుమానపడాల్సిన పనే లేదు. కానీ మూడు స్థలాలు పోగొట్టుకున్న మనిషికి పాలవాడు రెండుసార్లు గంట కొట్టినా అనుమానమే.

"కొత్తది పెట్టించుకోరాదూ? అద్దంలాంటి తెర వస్తుంది, వెనక గోడ కూడా కనబడుతుంది" అన్నాడు మామ, నాలుగు స్క్రూలు విప్పి పెదాల మధ్య పెట్టుకుంటూ.

"వద్దు మామా. నా పాఠం అంతా దీనిలో ఉంది."

నిజమే. ఆమెకి క్లచ్ అక్క అన్న పేరు ఊరికే రాలేదు. ఎంత భయస్తురాలైనా సరే, ఆమె పక్కన కూర్చోబెట్టుకుని సెట్టులో ఒక నెమ్మదైన పాత పాట పెడుతుంది. "పల్లవి మొదలయ్యాక క్లచ్ మీద కాలు లేపడం మొదలుపెట్టు, పల్లవి అయిపోయేసరికి కాలు పూర్తిగా పైకి రావాలి" అంటుంది. అంతే. కారు కుదుపు లేకుండా పడవలా కదులుతుంది. ఎందరో ఆడవాళ్లు ఆ పాట మీదే లైసెన్సు తెచ్చుకున్నారు. ఇప్పుడు పల్లవి సగంలో సెట్టు ఆరిపోతే, పాపం వాళ్ల కాలు గాల్లోనే ఉండిపోతోంది, కారు కప్పలా గెంతి ఆగిపోతోంది.

"అదీగాక" అంది అక్క, "మా బావగారు అమ్మేటప్పుడు పదిసార్లు చెప్పాడు. కంపెనీ సెట్టు తియ్యకు, తీస్తే బండి విలువ పోతుంది అని. అప్పుడు నిజమే అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తుంటే, సెట్టు గురించి అంత పట్టింపు ఎందుకా అని..."

మామ తల మాత్రం ఊపి సెట్టుని ముందుకి లాగాడు. నోట్లో స్క్రూలున్నాయి మరి.

సెట్టు బయటికి వచ్చింది. వెనక పెద్ద ప్లగ్గు, దాని నుంచి తీగల కట్ట. మామ తాళం తీసేయమన్నాడు, తలుపులన్నీ మూయమన్నాడు. బ్యాటరీ దగ్గరికి వెళ్లి మీటరు పెట్టి చూశాడు. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూశాడు.

"ఇలా రా అమ్మాయ్. బండి ఆపేశాక బ్యాటరీ నుంచి చీమ తిన్నంత కరెంటే పోవాలి. ఇది ఏనుగు తింటోంది. సరే, సెట్టే తింటోందేమో అనుకున్నాం కదా? ఇప్పుడు సెట్టు ప్లగ్గు ఊడబీకుతున్నా, చూడు."

ఊడబీకాడు. మీటరులో అంకె ఇసుమంత కూడా తగ్గలేదు.

"అంటే?"

"అంటే నీ సెట్టు దొంగ కాదు. దాని నోటికాడ కూడు ఇంకెవరో తింటున్నారు."

మామ టార్చి పెట్టి, సెట్టు తీసిన గుంతలోకి తల దూర్చాడు. తీగల కట్టలో పసుపు తీగ ఒకటి ఉంటుంది. తాళం ఉన్నా లేకపోయినా బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తెచ్చేది అదే. దాన్ని వేలితో తడుముకుంటూ పోయాడు. జానెడు దూరం పోయాక వేలు ఆగింది.

ఆగిన వేలిని అక్క చూసింది. మామ మొహం కూడా చూసింది. ఆయన టార్చి కాస్త పక్కకి తిప్పాడు.

"ఏముంది మామా?"

"ఏదో పాత అతుకులే."

"మరి టార్చెందుకు తిప్పావు?"

"చెయ్యి నొప్పెట్టి."

ఆ మాట అంటూనే మామ రెండు వేళ్లతో అక్కడేదో చుట్టూ తిప్పి పీకి, పిడికిట్లో ముడిచి చొక్కా జేబులో వేసుకోబోయాడు. అక్క ఆ మణికట్టు పట్టుకుంది. పదకొండేళ్లుగా, చివరి క్షణంలో పక్కవాళ్ల చేతిలోని స్టీరింగు పట్టి తిప్పిన చెయ్యి అది. తప్పించుకోవడం మామ తరం కాలేదు.

"మామా. పిడికిలి తెరువు."

"అమ్మాయ్, వద్దు."

"తెరువు."

తెరిచాడు. అరచేతిలో నల్ల టేపు ముక్క, చుట్ట తిరిగి ఉంది. అంతే. చెత్తలో పడేసే టేపు ముక్క.

"దీన్నెందుకు దాచావు?"

మామ గుంతలోకి వంగి, ఈసారి టార్చి తిన్నగా పెట్టాడు. పసుపు తీగకి అతికించిన సన్నని తీగ ఒకటి, పిల్ల తీగ, ఏసీ గొట్టం వెనక్కి పోయింది. దాని చివర అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. డబ్బా మూల ఆకుపచ్చ దీపం ఆగి ఆగి మెరుస్తోంది.

"బండి ఎక్కడుందో ఫోనుకి చెప్పే డబ్బా ఇది. లారీలకి పెట్టుకుంటారు. లోపల సిమ్ముంటుంది. ఈ అతుకు వదులై, కుదుపుకి నీ సెట్టుకి కరెంటు తెగుతోంది, మళ్లీ కలుస్తోంది. సెట్టుకి ఏ జబ్బూ లేదు."

అక్క ఆ దీపాన్ని చూస్తూ నిలబడిపోయింది. అది మెరిసినప్పుడల్లా ఆమె పోయిన చోట్లన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందుకి వచ్చాయి. గోదాము వెనక స్థలం. పాత సినిమా హాలు ఆవరణ. మిల్లు పక్క మట్టి మైదానం. కారేసుకుని వెళ్లింది, కారు దిగి అడుగులతో కొలుచుకుంది, సంతోషంగా కారెక్కి వచ్చింది. ఎక్కడెక్కడ ఎంతసేపు నిలబడిందో ఈ అగ్గిపెట్టె కూర్చుని ఎవరికో చెప్పింది.

"మా బావగారే" అంది. గొంతులో కోపం ఉంది, కోపం కింద గెలిచినట్టు ఒక ఊరట కూడా ఉంది. "కారు అమ్మాడు, కాపలా పెట్టి అమ్మాడు. సెట్టు తియ్యొద్దన్నది ఇందుకన్నమాట! పద మామా, ఆ మనిషి మొహం మీదే పెడదాం దీన్ని."

"ఆగు."

"ఎందుకాగాలి?"

మామ బల్ల మీద కూలబడ్డాడు. టేపు ముక్కని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నా షెడ్డు చెయ్యి అమ్మాయ్."

"అంటే?"

"ప్రతి పనివాడికీ ఒక చెయ్యి ఉంటుంది. బయట చేసేవాళ్లు తీగని గిచ్చి, మెలేసి, టేపు చుట్టి చేతులు దులుపుకుంటారు. నా దగ్గర అలా కుదరదు. మెలేశాక టంకం పెట్టాలి, టంకం ఆరాక దాన్ని తీగ వెంట వెనక్కి మడవాలి, అప్పుడు టేపు. టేపు కొసని లోపలికి మడిచి చిన్న తోక వదలాలి. రేపు ఇంకొకడు విప్పాల్సి వస్తే గోళ్లతో గీక్కోకుండా తోక పట్టుకుని లాగితే వచ్చెయ్యాలి. ఇది నేను తప్ప ఎవరూ చెయ్యరు. ఇంత చాకిరీ ఎవరు చేస్తారు చెప్పు? దొంగతనంగా డబ్బా పెట్టేవాడు ఎవడన్నా తర్వాతివాడి గోళ్ల గురించి ఆలోచిస్తాడా? కానీ చెయ్యి అలవాటు పడిపోయాక తలకాయ చెప్పినా వినదు."

"నీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లెవరు?"

"చేతిలో చెయ్యి పెట్టి దిద్దించింది ఇద్దరికే. ఆ ఇద్దరూ నీకు తెలుసు."

తెలుసు. బావగారు, ఆమె భర్త. పెళ్లికి ముందు అన్నదమ్ములిద్దరూ మూడేళ్లు ఈ షెడ్డులోనే చేశారు. తర్వాత అన్న కార్ల బేరాల్లోకి పోయాడు, తమ్ముడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరాడు.

"అదే కదా నేనంటున్నది! మా బావగారే!"

మామ బల్ల మీది టేపు చుట్ట తీసుకుని, ఒక తీగ ముక్కకి తనే నాలుగు చుట్లు చుట్టి ఆమె ముందు పెట్టాడు. దాని పక్కన కారులోంచి పీకిన ముక్క పెట్టాడు.

"ఇది నా కుడిచేత్తో చుట్టింది. చుట్టు ఎటు పోయిందో చూడు. ఇప్పుడు దీన్ని చూడు."

అక్క చూసింది. చుట్లు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉన్నాయి.

మామ ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. బావగారు కుడిచేతి మనిషి. ఎడమచేత్తో అన్నం కలిపినందుకు చిన్నప్పుడు వాళ్లమ్మ చేతిలో దెబ్బలు తిన్నవాడు ఆమె మొగుడు. ఇంట్లో ఇస్త్రీపెట్టె తీగ, మిక్సీ తీగ, ఆమె ఫోను ఛార్జరు, తెగిన ప్రతిదాన్నీ అతికించింది ఆ ఎడమచెయ్యే.

"అందుకే దాచాను" అన్నాడు మామ, ఆమె వైపు చూడకుండా. "మీ ఇద్దరి మధ్యా పుల్ల పెట్టడం దేనికని. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను చూడు, నా ఖర్మ."

అక్క బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. రాత్రి ఆయన వదిలి లేచిపోయిన కంచం గుర్తొచ్చింది. అన్నయ్యని అన్నందుకు కోపం వచ్చి లేచాడనుకుంది.

అప్పుడే షెడ్డు బయట మోటారు సైకిలు ఆగింది.

"ఏంటి, ఇక్కడున్నావా?" అంటూ ఆమె భర్త లోపలికి వచ్చాడు. లిఫ్టు కంపెనీ చొక్కా, చేతిలో పనిముట్ల సంచి. "నమస్తే గురువుగారూ. ఇటుగా పోతుంటే మన కారు కనబడింది. ఏమైంది, మళ్లీ సెట్టేనా?"

"ఇటుగానా?" అంది అక్క. "ఇటుగా ఎక్కడికి పోతున్నారు?"

"ఇక్కడే... ఒక లిఫ్టు ఇరుక్కుందంటే."

"ఈ సందు ఎక్కడికి పోతుంది మామా?"

మామ నేల చూశాడు. "ఎక్కడికీ పోదమ్మా. నా గోడ దగ్గర ఆగిపోతుంది."

భర్త నవ్వబోయాడు. నవ్వు సగంలో బల్ల మీది టేపు ముక్క కనబడింది. పక్కన గుంత నోరు తెరుచుకుని ఉన్న డాష్‌బోర్డు కనబడింది. తేలు కుట్టిన దొంగలా అక్కడికక్కడే బిగుసుకుపోయాడు.

"పొద్దున పాఠాలున్నాయని చెప్పి బయల్దేరాను. ఇక్కడికొస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. పొద్దుటి నుంచి కారు ఒకేచోట ఉందని డబ్బా చెప్పిందా?"

"నేను చెప్పేది..."

"పోయిన మంగళవారం పదకొండింటికి నేనెక్కడున్నాను?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"చెప్పండి. మీకు తెలుసుగా."

ఆయన సంచి కింద పెట్టాడు. "మిల్లు దాటాక, రోడ్డు పక్కన. నలభై రెండు నిమిషాలు ఆగింది బండి."

నలభై రెండు. మామ చెవులు మూసుకున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

"అక్కడ నేనేం చేస్తున్నానని అనుకున్నావు?" అంది అక్క. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన్ని నువ్వు అన్నది అదే మొదటిసారి. "ఎవరితో ఉన్నాననుకున్నావు?"

"ఛ! నేనలా ఎప్పుడూ..."

"ఏడుస్తూ కూర్చున్నాను. మూడో స్థలం కూడా పోయిందని ఫోనొచ్చింది. కళ్లు కనబడక బండి పక్కకి తీసి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. అది చెప్పలేదా నీ డబ్బా?"

బయట ఎవరో ఇనుప రేకు ఈడ్చుకుపోతున్న చప్పుడు.

ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. "రెండు నెలల కింద నువ్వు రాత్రి దాకా ఇంటికి రాలేదు, గుర్తుందా? నేర్చుకుంటున్న అమ్మాయెవరో బండి కాలవ గట్టు కిందకి దింపేసిందని, నీ ఫోను నీళ్లలో పడిందని తర్వాత చెప్పావు. నువ్వొచ్చేదాకా నేను రెండు ఆసుపత్రులు తిరిగాను. రెండో ఆసుపత్రిలో ఒకామె మీద దుప్పటి కప్పి ఉంది. చూస్తారా అన్నారు. చూశాను. నువ్వు కాదు. ఆ ఆదివారమే ఈ డబ్బా కొన్నాను."

"నాకు చెప్పచ్చుగా?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"అడిగితే కదా తెలిసేది!"

మధ్యలో మామ ఊరుకోలేక, "ఒరేయ్, పెడితే పెట్టావు, అతుకు గట్టిగా పెట్టద్దుట్రా? టంకం సరిగ్గా పట్టలేదు. నా పరువు తీశావు" అన్నాడు.

"చీకట్లో పెట్టాను గురువుగారూ."

అక్కకి నవ్వు రాబోయింది. అందుకు ఇంకా కోపం వచ్చింది.

"ఆ మూడు స్థలాల సంగతి ప్రిన్సిపాల్‌కి చెప్పింది నువ్వేనా?"

"నా మీద ఒట్టు. ఆ మనిషి మొహం చూసి ఏడాదైంది. అన్నయ్యకి కూడా ఈ డబ్బా సంగతి తెలీదు. నేను చూసుకునేది ఒక్కటే, బండి కదులుతోందా లేదా అని. రాత్రి నువ్వు అన్నయ్యని అంటుంటే తినలేకపోయాను. తప్పు నాదై ఉండి ఆయన మీదకి పోతోందని. చెబుదామని నోటిదాకా వచ్చింది, రాలేదు."

ఇందులో నిజమెంత? అక్క ఆయన మొహంలోకి చూసింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అద్దం చూశామని అబద్ధం చెబితే ఆమె ఇట్టే పట్టేస్తుంది. మెడ కదలదు, కళ్లు మాత్రం అటూ ఇటూ తిరుగుతాయి. ఈయన కళ్లు తిరగలేదు. కానీ ఈయన రెండు నెలలు పక్కనే పడుకుని ఇంత దాచాడు, అప్పుడూ తిరగలేదు కదా.

గోడ గడియారం మూడు కావస్తోంది.

"సరే" అంది లేచి. "నాలుగింటికి నాకు పనుంది. ఈ మాట ఇంతవరకూ నా నోట్లోంచి బయటికి రాలేదు. మీ ఇద్దరికే చెబుతున్నా. నాలుగో స్థలం దొరికింది. మూతపడ్డ కర్రల డిపో. దాని పెద్దావిడ మనవరాలు నా దగ్గర నేర్చుకుంది. ఆవిడతో ఫోనులోనే మాట్లాడుకున్నాం, కారేసుకుని ఆ దిక్కుకే పోలేదు. నాలుగింటికి రా, కాగితం రాసుకుందాం అంది."

మామ తల ఊపాడు. భర్త ఊపిరి బిగబట్టి వింటున్నాడు.

"మామా, ఆ డబ్బా అలాగే ఉంచు. అతుకు గట్టిగా వేసి, సెట్టు లోపల పెట్టెయ్. ఈయన కారు తీసుకుని డిపోకి పూర్తిగా ఎదురు దిక్కున, ఊరవతల పాత ఇటుక బట్టీ దగ్గరికి పోయి గంటసేపు నిలబడతాడు. ఈ డబ్బా మాటలు ఇంకెవరన్నా వింటుంటే, ప్రిన్సిపాల్ మనుషులు ఆ బట్టీ చూడటానికి వస్తారు. వస్తే ఎవరొచ్చారో ఈయన చూస్తాడు. ఈలోపు నేను డిపోలో సంతకం పెట్టేస్తాను."

"నన్ను నమ్ముతున్నావా?" అన్నాడు భర్త.

"నమ్మడం లేదు. పని చెబుతున్నా."

పావుగంటలో మామ అతుకు వేశాడు, తోక వదలడం మాత్రం మరవలేదు. సెట్టు పెట్టి మీట నొక్కగానే ఆ నెమ్మదైన పాత పాట తేటగా పలికింది. మామ గుప్పిటతో డాష్‌బోర్డు మీద రెండుసార్లు గుద్ది చూశాడు. పాట తొణకలేదు. భర్త కారెక్కి, ఆమె ఏమైనా అంటుందేమోనని ఒక క్షణం ఆగి, అనకపోయేసరికి వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. పల్లవి సందు మలుపు దాకా వినబడింది.

"నిన్ను నా స్కూటరు మీద దింపుతా పద" అన్నాడు మామ. "లోపల దీపాలార్పి, షట్టరు దించి వస్తా. నువ్వు బయట నీడన నిలబడు."

ఆయన బయటికి వచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టింది.

మామ స్కూటరు ఎద్దుబండి కంటే కాస్త మేలు. అక్క మనసులో డిపో ఆవరణని కొలుచుకుంటోంది. రివర్సుకి ఇటువైపు, ఎత్తు ఎక్కించడానికి అటువైపు మట్టి పోయించాలి. గేటు మీద బోర్డు తన పేరుతోనే ఉండాలి. శనివారం దాకా ఎందుకు, రేపే ఆఫీసుకి పోవచ్చు. ఆ ఆలోచనలో భర్త మీద కోపం కూడా కాస్త వెనక్కి జరిగింది.

డిపో గేటు తెరిచే ఉంది.

మామ స్కూటరు నెమ్మదించాడు. రంపపు పొట్టు పరుచుకున్న ఆవరణ మధ్యలో, రేకుల పంచ కింద, ఒక చెక్క బల్ల వేసి ఉంది. దాని వెనక పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంటోంది. ఆవిడ ఎదురుగా తెల్ల చొక్కా మనిషి ఒకడు వంగి, వేలితో కాగితం మీద సంతకం చోటు చూపిస్తున్నాడు. ఆ వీపుని పదకొండేళ్లు చూసింది అక్క. గోడ పక్కన అతని కారు, ఇంకా ఇంజను ఆపలేదు. ఇప్పుడే వచ్చినట్టున్నాడు.

ప్రిన్సిపాల్.

డబ్బా ఈ చోటు చెప్పలేదు. చెప్పే వీలే లేదు, కారు ఎప్పుడూ ఇటు రాలేదు. గంట కింద ఈ డిపో మాట ఆమె నోటి నుంచి విన్నవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆమె కారు తీసుకుని ఊరవతలికి పోయారు. రెండోవారు ఆమె ముందు సీటులో కూర్చుని ఉన్నారు.

"పెద్దమ్మగారూ! సంతకం పెట్టకండి!" అని అక్క అక్కడి నుంచే గట్టిగా అరిచింది. బల్ల దగ్గర ఇద్దరూ తలెత్తారు. పెద్దావిడ చేతిలో కలం గాల్లో ఆగింది.

అదే క్షణంలో మామ స్కూటరు హ్యాండిలు గేటు వైపు కాకుండా వెనక్కి, వచ్చిన దారి వైపు తిప్పబోయాడు. అక్క ఆయన భుజం మీదుగా చెయ్యి చాచి, తాళం చెవి తిప్పి లాగేసింది. స్కూటరు గుటుక్కున ఆగిపోయింది.

"మామా, నీ ఫోను ఇలా ఇవ్వు."

"ఫోనెందుకమ్మాయ్?"

"షట్టరు దించడానికి ఐదు నిమిషాలు ఎందుకు పట్టిందో చూస్తాను. ఇవ్వు."

మామ చెయ్యి చొక్కా జేబు మీదకి పోయింది. ఇవ్వడానికి కాదు, గట్టిగా పట్టుకోవడానికి.